ఒరగని బండి

కొండదారి మొదట్లో రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు ఆగి ఉంది. లోపల తల నెరిసిన భార్యాభర్తలు.

"వెనక చక్రాల మధ్య స్వే బార్ బిగించాను. ఇక మలుపుల్లో బండి ఒరగదు."

"ఆ ఇనప కడ్డీ కోసమేనా మూడు ఆదివారాలు బండి కింద దూరి, గ్రీజు చేతులతో అన్నానికొచ్చారు?"

"నీ కోసమే. మలుపొచ్చినప్పుడల్లా పాపం, నా భుజం మీద పడేదానివి. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను."

"సరే, పోనివ్వండి."

కారు మొదటి మలుపు తిరిగింది.

"చూశావా, ఇసుమంతైనా ఒరగలేదు. మరి నువ్వెందుకు పడ్డావు?"

"ముప్పై ఏళ్లూ నన్ను బండే తోసిందనుకున్నారా?"

"అయితే ఆ కడ్డీ విప్పేయనా?"

"ఉండనివ్వండి. నవ్వింది చాలు, దారి చూడండి. ఇంకా పదకొండు మలుపులున్నాయి."