అట్ట మీద మొహం

మధ్యాహ్నం, ఒక పెద్దావిడ ఇంటి ముందుగది. వచ్చినవాడు దేశమంతా చదివే వారపత్రికకు ఇప్పటి ఎడిటరు, పాత ఎడిటరు కొడుకు.

“సంతకం, సంతకం అంటావు. దేనికో చెప్పవేం?”

“మా పత్రిక చరిత్ర పుస్తకంగా వేస్తున్నామమ్మగారూ. మొదటి సంచిక నుంచి అట్టలన్నీ వస్తాయి. ఆ ఒక్క వారం అట్టకే మీ అనుమతి కావాలి. కోర్టులో మీతో రాజీ పడినప్పుడు అలా రాసుకున్నాం కదండీ…”

“ఏ వారం అట్ట?”

“మీకు తెలుసు కదండీ.”

“నీ నోటితో చెప్పు, నాయనా.”

“బ్యాంకు కుంభకోణం అట్ట.”

“పైన పెద్ద అక్షరాలతో ఏముంది?”

“‘దేశాన్ని ముంచిన దొంగ’ అని.”

“కింద ఎవరి ఫొటో?”

“అదీ… తారుమారయ్యాయండీ. రెండు ఫొటోలూ ఒకే కవరులో పెట్టారు. వెనక పెన్సిలుతో పేరు రాయడం మా ఆఫీసులో అలవాటే గానీ, ఆ రోజు నాన్న హడావుడిలో…”

“ఎవరి ఫొటో అని అడిగాను.”

“మీవారిది.”

“దొంగను పట్టిచ్చినవాడిది! మీ నాన్న అడిగితే, ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టూడియోకి వెళ్లి మరీ తీయించుకొచ్చి ఇచ్చాడు.”

“మరుసటి వారమే సవరణ వేశాం కదండీ.”

“వేశారులే, గళ్ల నుడికట్టు కింద, భూతద్దంతో వెతుక్కునేలా. ఆ అట్ట మాత్రం సెలూన్ బల్ల మీద ఏడాదిపాటు నలిగింది. ఆయన మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. పోయేదాకా జుట్టు నేనే కత్తిరించాను.”

“అందుకేనండీ నేను వచ్చింది. ఈ పుస్తకంలో మీవారి మొహం ఉండదు. అసలు దొంగ ఫొటో పెట్టించాం. ఇదిగో, చూడండి. అచ్చం ఆనాటి అట్టే. మార్చినట్టు ఎవరూ పోల్చుకోలేరు.”

“అబ్బో! బాగా అతికింది.”

“కదండీ! మీవారి పరువు…”

“మా ఆయన పరువా, మీ నాన్న పరువా?”

“ఇద్దరిదీ అనుకోండి.”

“అంటే, రేపు చదివేవాళ్లకి మీ నాన్న జన్మలో పొరపాటు చేయని ఎడిటరు!”

“పెద్దాయన మంచం పట్టారండీ. ఆ పుస్తకం చూసి పోవాలని ఒకటే పట్టు. రోజూ అడుగుతున్నారు, ఆవిడ ఒప్పుకుందా, ఒప్పుకుందా అని.”

“పాపం. కలం ఇలా ఇవ్వు.”

“చాలా థ్యాంక్సండీ! ఇదిగో, ఇక్కడ… అయ్యో, అమ్మగారూ, కొట్టేస్తున్నారేంటి? అది ఫొటో మార్చే సంగతి రాసిన వాక్యం!”

“అందుకే కొట్టేశాను. పాత అట్టే వెయ్యి. మా ఆయన మొహంతోనే.”

“మళ్లీ ఆయన్నే దొంగ అనుకోరూ?”

“ఎలా అనుకుంటారు? ఎదురు పేజీ నిండా, ఆ పెద్ద అక్షరాలతోనే, ఆ మొహం ఎవరిదో, దాన్ని అక్కడ పెట్టినవాడు ఎవరో పేర్లతో సహా వేస్తావుగా. అలా రాసుకొచ్చిన కాగితం మీదే నా సంతకం.”

“అది చూస్తే నాన్న తట్టుకోలేరండీ.”

“తెలుసు. అందుకే త్వరగా అచ్చెయ్యి, నాయనా.”