బస్సు చెడిపోయిన పూట

పర్చూరు పక్కన కల్లంలో మిరపకాయలు తిరగేస్తూ మొగుడూ పెళ్లాం మాట్లాడుకుంటున్నారు.

“ఈసారీ బస్సు టూరే పోదామే. వారంలో రాజస్థానంతా చూపించేస్తారు.”

“నిరుడు చూపించారుగా. ఈ ఫొటోలో మన వెనకున్న కోట ఏ ఊరిదో చెప్పండి.”

ఆయన ఫోను దూరంగా పట్టుకుని చూశాడు. జైపూరో జోధ్‌పూరో తేలలేదు.

“పోనీ, మీకు గుర్తున్నదేంటి?”

“ఎడారిలో బస్సు చెడిపోయిందే, ఆ పూట. ముసలామె సజ్జరొట్టె పెట్టింది. ఇసక మీద గాలి గీతలు గీస్తుంటే పొద్దుగూకేదాకా చూస్తా కూర్చున్నాం.”

“నే చెప్పే టూరు అదేనండీ. ఒకటే ఊరు, నాలుగు రోజులు, ఒంటెతో నడక, వాళ్లింట్లోనే తిండీ పడకా.”

“నాలుగు రోజులూ ఒక్క ఊళ్లోనేనా?”

“అయితే మళ్లీ బస్సెక్కి, అది చెడిపోవాలని కోటప్పకొండకి మొక్కుకోమంటారా?”