వాచ్‌మన్ నిద్ర, నలభై ఒక్క సెకన్లు

నా పేరు వంశీధర్. తండ్రి హనుమత్ప్రసాద్. వయసు ఇరవై ఏడు. సొంతూరు తణుకు. అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతాను. అక్కడికి రెండు వీధుల అవతల హాస్టల్లో ఉంటాను. నన్నెవరూ పిలిపించలేదు. ఈరోజు, 2006 ఫిబ్రవరి 18, శనివారం మధ్యాహ్నం పన్నెండూ పదికి నా అంతట నేనే స్టేషన్‌కు వచ్చి ఎస్సై గారి ముందు ఈ సంగతులు చెబుతున్నాను.

పొద్దుటి నుంచి మీ బెంచీ మీద కూర్చున్న సత్యరాజు గారు బల్కంపేటలో కార్ల మెకానిక్. వయసు నలభై మూడు. ఆయన దొంగ కాదు. ఆయన నోట్‌బుక్‌లో ఉన్నది బంగారం కొట్టుకు కన్నం వేసే పథకం కాదు. కారు పోటీకి మేం చేసుకున్న సాధన అది.

రేపు ఉదయం ఏడింటికి ఆ పోటీ. ర్యాలీ అంటారు. ఇందులో దూసుకుపోవడం ఉండదు. చెప్పిన దారిలో, చెప్పిన వేగంతో, చెప్పిన సెకనుకు చేరాలి. ముందొచ్చినా తప్పే, వెనకొచ్చినా తప్పే. ఒకరు నడపాలి, పక్కన కూర్చుని ఇంకొకరు దారీ టైమూ చెప్పాలి. మామూలు కారు చాలు. నాకు కాలేజీ రోజుల నుంచీ కార్ల పోటీల పిచ్చి. నా రూమ్మేట్ ప్రమోద్ అయితే "ఏంట్రా, నీ జీతానికి రేసులా?" అని పడీపడీ నవ్వేవాడు. నా దగ్గరున్నది పన్నెండేళ్ల పాత మారుతి.

నిరుడు జూన్‌లో అది అమీర్‌పేట చౌరస్తాలో పొగలు కక్కి ఆగిపోయింది. వెనక అందరూ హారన్లు కొడుతుంటే, అటుగా నడిచి వెళ్తున్న సత్యరాజు గారు వచ్చి ఒక చెయ్యి వేశారు. అలా తోసుకుంటూ ఆయన షెడ్డు దాకా వెళ్లాం. దారిలో నా పిచ్చి గురించి చెప్పాను. ఆయన నవ్వలేదు. సార్, ఇది కూడా రాయండి. ఆయన నవ్వలేదు.

"గీ పోటీల ఉరికెటోడు గెలవడు తమ్మీ, టైముకొచ్చెటోడు గెలుస్తడు. ముందుగాల బ్రేకులు మంచిగ చేద్దాం. ఇంజన్ ఫికర్ తర్వాత" అన్నారు. పదిహేనేళ్లుగా ఎవరెవరివో ర్యాలీ కార్లు బాగుచేశారట. ఒక్కరూ పక్క సీట్లో కూర్చోమనలేదట. నేను అడిగాను. ఆయన గుడ్డతో చేతులు రెండుసార్లు తుడుచుకుని, "నిజంగనా?" అన్నారు.

దూరం కొలిచే మంచి మీటరు కొనే తాహతు మాకు లేదు. అందుకని దారిలో కనబడేవాటినే గుర్తులు చేసుకున్నాం. నాలుగు ఆదివారాలు, మళ్లీ ఈ పొద్దున, ఐదున్నరకు బల్కంపేట గుడి కమాను దగ్గర బయలుదేరి పంజాగుట్ట దాకా గంటకు ఇరవై ఎనిమిది కిలోమీటర్ల వేగంతో నడిపాం. బ్యాంకు గేటు నుంచి బంగారం కొట్టు షట్టరు దాకా నలభై ఒక్క సెకన్లు. నోట్‌బుక్‌లో "వాచ్‌మన్ నిద్ర: 41. వాచ్‌మన్ లేస్తే: 43" అని ఉన్నది అందుకే. ఆ కొట్టు వాచ్‌మన్ మెలకువగా ఉంటే సరిగ్గా మేం వచ్చే వేళకు చాయ్‌కని రోడ్డు దాటుతాడు. అప్పుడు బ్రేకు వెయ్యాలి. రెండు సెకన్లు పోతాయి. చదివితే ఎలా ఉంటుందో నాకిప్పుడు అర్థమవుతోంది. రాసినప్పుడు మా ఇద్దరికీ తట్టలేదు.

ఈ ఉదయం ఆరింటికి సాధన ముగించి, ఆ కొట్టు ఎదుటే చాయ్ తాగి, నోట్‌బుక్ కారు టాపు మీద మరిచి బయలుదేరాం. ఆ మరుపు నాది. ఆయన్ని షెడ్డు దగ్గర దింపి నేను క్లాసుకు వెళ్లిపోయాను. నోట్‌బుక్ లేదని చూసుకుని, ఆయన నడుచుకుంటూ వెనక్కి వెళ్లి, ఇంకెవరినీ కాదు, తిన్నగా ఆ వాచ్‌మన్‌నే "నా బుక్కు ఏమన్న దొరికిందా అన్నా?" అని అడిగారు. అప్పటికే దాన్ని చదివిన వాచ్‌మన్ ఆయన్ని మీకు పట్టించాడు. దొంగ ఎవడైనా అలా అడుగుతాడా సార్?

పదకొండూ ఇరవైకి ఆయన భార్య సుమిత్ర గారు మా కోచింగ్ సెంటర్‌కు వచ్చారు. "బండి ఎవరు నడిపిండ్రంటే చెప్తలేడంట తమ్మీ. నీకు కొత్త నౌకరీ వచ్చింది, పోలీసు వెరిఫికేషన్ ఉంటదని ఆయన ఫికర్. నిన్ను స్టేషన్‌కు రమ్మననీకి రాలే. రేపటికి ఆయన రాకపోతడేమో, నీకు ఎరుకుండాలని వచ్చిన" అన్నారు. క్లాసు సగంలో వదిలేసి వచ్చేశాను.

నేను వచ్చాక ఎస్సై గారు సత్యరాజు గారి చేతి గడియారం తీయించి, కళ్లు మూసుకుని నలభై ఒక్క సెకన్లు చెప్పమన్నారు. ఆయన చర్చిలో తబలా వాయిస్తారు. మోకాలి మీద వేళ్లతో మెల్లగా కొట్టుకుంటూ ఉండి, "ఇగో, షట్టర్" అన్నారు. గడియారం పట్టుకున్న హెడ్ కానిస్టేబుల్ రామ్మోహనరావు గారు "నలభై ఒకటే సార్! అమ్మో!" అన్నారు. వాచ్‌మన్ మాత్రం "నేను పండలే సార్, కండ్లు మూసుకున్న అంతే" అంటూనే ఉన్నాడు. రామ్మోహనరావు గారు సత్యరాజు గారికి టీ తెప్పించారు. అందుకు ఆయనకు నా కృతజ్ఞతలు.

ఎస్సై గారు కలం ఆపి, నడిపినవాడి పేరు రాస్తే ముందుముందు వెరిఫికేషన్‌లో అడగవచ్చు, ఆలోచించుకో అన్నారు. ఆ మాట నా మేలు కోరి అన్నదే. ఆలోచించుకున్నాను. నాకు సెకను తప్పకుండా బండి నడపడం నేర్పిన మనిషి ఆయన. పోటీ ఫారంలో మా ఇద్దరి పేర్లూ పక్కపక్కన ఉన్నాయి. ఇక్కడా ఉండాలి.

నోట్‌బుక్ మీ దగ్గరే ఉంచుకోండి. ఆయనకు అంతా నోటికి వచ్చు. రేపు ఏడింటికి నా పక్క సీట్లో ఆయన ఉండేలా చూడండి.

నేను చెప్పినది చెప్పినట్టు రాసి నాకు చదివి వినిపించారు. అంతా నిజం. ఎవరి బలవంతమూ లేదు. సత్యరాజు అన్న పొద్దుటి నుంచి మీకు చెప్పని పేరును ఈ కింద నేనే రాస్తున్నాను.

సం/- వంశీధర్