మరగబెట్టిన సీసా

హలో… ఉండు, సెయ్యి తడిగుంది… ఆ, నానే, నిస్సీని. పొద్దున్న మరగబెట్టిన నీల్లు వడగడతన్నాను.

ఏటయింది, శామ్యూలన్నియ్యా? అలగ అరిస్తే నాకొక్క ముక్కా అర్దం కాదు. మెల్లగా సెప్పు.

…పగడాలు తెల్లబడిపోయాయా? ఏ తొట్టెలోవి?… రెండో సీసా పోసిన నాలుగిట్లోనూ?

మీ ల్యాబు మేడం గారు — అనుపమ గారేనా — ఏటన్నారు?… మొదటి సీసా వల్లే పగడాలు బతికాయని నువ్వు సెప్పిందీ అబద్దమేనని?… సోమారం నుంచి రావద్దనేసారా.

…మరి నా మీదెందుకు అరుత్తన్నావు?

ఆ రెండో సీసా నాను ముట్టుకోనేదు… నేదన్నాను గదా. బైబిలు మీద సెయ్యేసి సెప్పమంటావా? నాన్న జ్ఞాపకార్థ కూడికకి బరంపురం నుంచి వస్తా నువ్వే తెచ్చావు, ఐసు డబ్బాలో ఎట్టుకొని. ఒక్కరోజు ఇక్కడుంది. మర్నాడు నువ్వే విశాఖపట్నం పట్టుకెల్లావు.

…అమ్మ.

ఆ, అమ్మే. మరగబెట్టింది.

…ఇన్నావు గదా. సత్తు గిన్నెలో పోసి, తెర్లేదాకా ఉంచి, సల్లార్చి, మల్లీ ఆ సీసాలోనే పోసి మూత బిగించింది. ఒక్క సుక్క ఒలకనేదు.

…ఆ, నాను సూసాను.

సూసి ఎందుకూరుకున్నానా? అందులో ఏటుందో నాకెప్పుడైనా సెప్పేవా? అమ్మతో ఏటన్నావు — "బాక్టీరియా ఉందమ్మా, పారబోయకు." అంతే గదా?… మరి పారబోయనేదు.

నాలుగేల్లు నాన్న కిడ్నీలతో మంచాన పడుంటే, వచ్చిన ప్రతి నర్సమ్మా ఏటి సెప్పింది? నీల్లల్లో బాక్టీరియా ఉంటాది, మరగబెట్టండనే గదా. నాన్న పోయినా ఆ గిన్నె పొయ్యి మీంచి దిగనేదు. కొడుకు మోసుకెల్లే నీల్లల్లో అదుందంటే అమ్మ ఊరుకుంటాదా?

…ఆ మాట మల్లీ అను. అమ్మని ఏటన్నావు?

…బుర్రనేనిదా. బాగుంది. సదువుకున్నోడివి.

ఈ బాక్టీరియా పురుగులు ఏస్తే సముద్రం వేడెక్కినా పగడాలు తట్టుకుంటాయని పాస్టరు గారికి సెప్పేవు. నాకు కాదు. నాను టీ గ్లాసులు పట్టుకొని గుమ్మంలో నిలబడి ఇన్నాను. అడిగితే "నీకర్దం కాదులే" అన్నావు.

— అరవకు. నానొకటి అడుగుతాను, దానికి సెప్పు. మొదటి సీసాలోది పోసిన పగడాలు ఇప్పుడెలాగున్నాయి?

…రంగు పోనేదా?

రెండో సీసా పోసిన తొట్టెల్లో నీటి వేడి అంతేనా?… ఉప్పు?… లైట్లు?… పగడాలన్నీ ఒక్క సోటివేనా?

అయితే మారింది ఒక్కటే గదా. అవి బతికున్న పురుగులు. ఇవి అమ్మ సంపేసినవి.



బతికున్నవి ఏసిన సోట పగడం నిలబడింది. సచ్చినవి ఏసిన సోట తెల్లబడింది. నువ్వు సెప్పింది అబద్దం కాదని అమ్మ గిన్నె సెప్తంది, అన్నియ్యా.

…నవ్వుతన్నావేటి?

…ఏటి? నువ్వే మరగబెట్టానని సెప్తావా? కావాలనే, పరీచ్చకని?

…ఓహో. అప్పుడు మేడం గారు మెచ్చుకుంటారు. ఉండమంటారు.

పాడయినంతసేపూ అమ్మది. పనికొస్తాదనేసరికి నీదయిపోయిందా?

…అమ్మకి పేరెందుకా? అమ్మ అడగనేదు. నానడుగుతన్నాను… నాకా? నాకేటొద్దు. మా అమ్మ తెలీక మరగబెట్టింది, అందుకే ఇలగయింది అను. జరిగింది జరిగినట్టు సెప్పు, సాలు.

…సిగ్గా? ఎవర్ని సూసి?

…ఈ సంగతి అమ్మకి సెప్పొద్దా. నీ గొంతు పెరడు దాకా ఇనబడతంది. ఇందాకట్నుంచీ ఇక్కడే పీట మీద కూకుంది, వడగట్టే గుడ్డకి రెండో కొస పట్టుకొని. నువ్వు బుర్రనేనిది అన్నప్పుడే కొస ఒగ్గేసింది.

…ఫోనిమ్మంటావా? ఉండు. అమ్మా, అన్నియ్య…

తీసుకోనేదు. లేసింది.

అమ్మా… ఆ గిన్నెందుకు ఇప్పుడు?

— నువ్వాగు, సూడనీ. సత్తు గిన్నె తుడిసింది. నాన్న తువ్వాల్లో సుట్టింది. సంచిలో ఎట్టింది… కేలండరు ఎనక సెయ్యెట్టి కాయితం తీసింది. మీ ల్యాబు అడ్రసు రాసిచ్చావే, అది.

అమ్మా, ఎక్కడికే?

…సెప్పులేసుకుంది. గుమ్మం దిగిపోయింది. పలాస బస్సొచ్చే టయిము.

…నన్ను ఆపమంటావా? నువ్వాపు.

మేడం గారికి ఏటి సెప్పుకుంటావో తొరగా సెప్పుకో, అన్నియ్యా. పలాసలో రైలెక్కితే అమ్మ మద్దేనానికి విశాఖపట్నంలో ఉంటాది.

ఉంచుతాను. నాకు నీల్లు సగమే అయ్యాయి.