గడియ చప్పుడు

“మార్చి పదకొండు. ఆ రాత్రి నేను తిన్నది రొట్టె, రెండు గుడ్లు. తెల్లారగానే ‘అదేం తిండి మాస్టారూ’ అన్నావు. నీకెవరు చెప్పారు?”

భార్య పోయాక ఒంటరిగా ఉంటున్న కాలేజీ మాస్టారు తన గుమ్మంలో, బట్టలు కుట్టే ఎదురింటామె తన గుమ్మంలో.

“ఒకరు చెప్పాలా? కుక్కర్ కూయలేదు. గుడ్డు పెంకులేమో మీ గుమ్మం బయటే రాలాయి.”

“చెత్త కూడా చూస్తున్నావన్నమాట.”

“చూడలేదండీ, ఊడ్చాను.”

“సరే. రోజూ నేను తలుపేసేదాకా ఆ గుమ్మంలో నీకేం పని?”

“గాలికి...”

“ఈ మెట్ల దగ్గర గాలెక్కడ ఏడ్చింది? మా అబ్బాయి కాపలా పెట్టాడా?”

“అయ్యో, ఆ బాబు మొహమే నాకు సరిగ్గా గుర్తులేదు.”

“మొన్న నా తలుపుకి చెవి ఆనించావు. దాని కన్నంలోంచి చూశాను.”

“మీరూ చూస్తున్నారన్నమాట!”

“మాట మార్చకు.”

“నన్ను ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు ఓనరు. మీరే చెప్పారా?”

“చెప్పాను.”

“నా దగ్గర కుట్టించుకునేవాళ్లంతా ఈ వీధివాళ్లే. మిషనెత్తుకుని ఎక్కడికి పోను మాస్టారూ?”

“అయితే నిజం చెప్పు. చెవి ఎందుకు ఆనించావు?”

“మీ గడియ చప్పుడు వినపడక.”

“నీకు వినపడకూడదనే మెల్లగా వేస్తున్నాను.”

“అది నాకేం తెలుసు? లోపల పడిపోయారేమో అనుకున్నా. అందుకే ఇంకాసేపు నిలబడేదాన్ని.”

“నువ్వు నిలబడ్డావని నేనింకా మెల్లగా...”

“చప్పుడు లేదని నేనింకా దగ్గరికొచ్చి...”

“ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇదే పాఠం చెప్పానమ్మా పిల్లలకి. మనమొకటి అనుకుని చేస్తాం, చూసేవాళ్లు ఇంకొకటి అర్థం చేసుకుంటారని.”

“మరి నన్నొక్క మాట అడగొచ్చుగా?”

“...మా ఆవిడ అప్పగించి పోయిందా నన్ను నీకు?”

“అక్క ఏమీ అనలేదండీ.”

“ఏమీ అనకుండానే?”

“అక్క మంచాన పడ్డప్పుడు, మందులకెళ్లిన మీరొచ్చి గడియ వేసేదాకా కళ్లు మూసేది కాదు. పక్కనే కూర్చునేదాన్నిగా. ఓ రోజు ఆ చప్పుడు విని, నావైపు చూసి నవ్వింది.”

“అంతేనా?”

“అంతే. నాకలా అర్థమైంది. తప్పా మాస్టారూ?”

“...పొద్దున్నే ఓనరుతో మాట్లాడతాను. నువ్వెక్కడికీ వెళ్లక్కర్లేదు. ఇప్పుడు లోపలికెళ్లి గడియ వేస్తాను, విను.”

“అలాగేనండీ.”

మాస్టారి గడియ గట్టిగా పడింది.

“వినపడిందా?... అమ్మా, వినపడిందా?”

జవాబుగా ఎదుటి తలుపు మెల్లగా మూసుకుంది.