మూడో పేజీ మందం

నా పేరు, చిరునామా పై గడిలో రాయించాను. వయసు యాభై రెండు. ఇరవై ఆరేళ్లుగా ఆఫీసుల్లో కాపీయర్లు బాగుచేస్తున్నాను. ఈ రోజు ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు విచారణ అధికారి గారి గదిలో, ఎవరి ఒత్తిడీ లేకుండా చెబుతున్నాను.

ఇక్కడి గుమస్తా ఐదు పేజీల తనిఖీ నివేదికను ఈ ఆఫీసు కాపీయర్‌లోనే ప్రింటు తీసింది. అందులో మూడో పేజీని తర్వాత మార్చేసిందని ఫిర్యాదు. మిగతావి నల్లగా ఉన్నాయి, అదొక్కటే వెలవెలబోయింది. వేలితో రుద్దితే అక్షరాలు పొడిగా రాలుతున్నాయి. సంతకం చివరి పేజీలోనే ఉంది. సంతకం పెట్టినాయన, "ఏ పేజీలో ఏముందో నాకేం గుర్తుంటుంది?" అన్నారట. ఆమెను సస్పెండ్ చేసి పంతొమ్మిది రోజులైంది.

మొన్న మంగళవారం ఆమె మా షాపుకొచ్చింది.

"అన్నా, నేను మార్చలేదంటే ఎవరూ నమ్మట్లేదు. ఆ మెషిన్ సంగతి నీకే తెలుసు. దాన్నే అడుగు."

"అది నాకు మాత్రం నిజం చెబుతుందా తల్లీ?" అన్నాను. ఆమె నవ్వలేదు.

ఈ రోజు ఫైలు నా చేతికిచ్చారు. నేను ముందు చదవలేదు, తడిమాను. శుభలేఖ వచ్చినా పెళ్లెవరిదో చూడకుండా కాగితం నలిపి చూస్తానని మా ఆవిడ దెప్పుతుంటుంది. మూడో పేజీ మందం, మామూలు దానికి రెండింతలు. కాపీయర్‌లో నల్లపొడిని వేడి రోలరు కాగితానికి అతికిస్తుంది. మందపాటి కాగితం ఆ వేడిని తాగేస్తుంది. మెషిన్‌కి ముందే చెబితే నెమ్మదిగా లాగి గట్టిగా అతికిస్తుంది. చెప్పకపోతే ఇదిగో, ఇలా రాలుతుంది.

మరి ఆ ఒక్క కాగితం ట్రేలోకి ఎలా వచ్చింది? పేజీ తిప్పాను. వెనక కింది మూలలో పెన్సిల్ టిక్కు. నాదే. పరీక్షకు వాడే ప్రతి కాగితానికీ, ఏ వైపు లోపలికి పోయిందో తెలియడానికి అలా పెడతాను. నివేదిక తీసిన రోజే ఉదయం తొమ్మిదిన్నరకు ఆ మెషిన్ బాగుచేశాను. మందం కాగితాలతో పరీక్షించి, పక్కన పెట్టిన రెండు మామూలు కాగితాలు మళ్లీ పైన వేసి ట్రే మూశాను. వాటి కింద నాది ఒకటి ఉండిపోయింది; మెషిన్ పైనుంచి లాగుతుంది కనుక నివేదికలో మూడోదిగా అదే వెళ్లింది.

"కాగితం నీదే అనుకో. ఆమె తర్వాత దాని మీద ఇంకేదో తీసి పెట్టి ఉండొచ్చు కదా?" అన్నారు అధికారి గారు.

సబబైన ప్రశ్నే. నాకూ తెలుసుకోవాలనిపించింది. అతుక్కోని పొడి కాస్త రోలరుకు అంటుకుని, వెనకే వచ్చే కాగితం మీద దిగుతుంది. ఎవరూ అనుమానించని నాలుగో పేజీని కిటికీ దగ్గర భూతద్దంతో చూశాను. పైన ఖాళీలో బూడిదరంగు వరుస ఒకటి లీలగా ఉంది. అధికారి గారినే చదవమన్నాను.

ఆయన కూడబలుక్కుని చదివారు. "గోదాము... వెనక గోడ... బీటలు వారింది."

మూడో పేజీలో చివరి వరుస అది. దాన్ని ఆమె తర్వాత చేర్చిందనే గొడవంతా. ఆ రెండు పేజీలూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అన్నారాయన.

"నన్నెవరూ అడగలేదండీ. ఆమెనే అడిగారు."

ఆమె తప్పేమీ లేదు. తప్పు నాది. దీంతో ఈ ఆఫీసు పని నాకు పోతే పోనీ.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పిందే రాశారు, అంతా నిజం. ఆమె బయట బెంచీ మీద ఉంది, ముందు ఆమెకు వినిపిస్తేనే సంతకం పెడతానన్నాను. లోపలికి పిలిచి వినిపించారు. పెట్టాను.

(సంతకం)