మెట్ల మీద బూడిద

పడమటి కెంటకీలో, కురిసిన వాన కురిసినట్టే గడ్డకట్టుకుపోయిన రెండో రోజు, సాయంత్రం నాలుగు కావస్తోంది. నిన్న పనికని పట్నం వెళ్ళి చిక్కుకుపోయిన డెల్మర్ ఎలాగైతేనేం ఇల్లు చేరాడు. కరెంటు లేదు. అతన్ని కట్టెల పొయ్యి ముందు కూలేసి, భార్య ఓలెటా బూట్లు లాగుతోంది.

"మెల్లగా! కాలు కూడా ఊడొచ్చేలా ఉంది."

"నోర్మూసుకుని చాపు డెల్మర్. బండెక్కడ వదిలావు?"

"వాగు వంతెన దగ్గర. అడ్డంగా చెట్టు పడింది. అక్కణ్ణించి మూడు మైళ్ళు నడక. నడకేంటిలే, సగం పాకుడే."

"పడ్డావా?"

"లెక్కపెట్టలేదు. అది సరే, పొయ్యిలో ఏంటి ఇంత నల్లగా పొగలు కక్కుతోంది?"

"పొగాకు ఆరబెట్టే మన పాత బ్యారన్ కొట్టం పలకలు. కట్టెలన్నీ ఒకదానికొకటి అతుక్కుని గడ్డకట్టాయి. గొడ్డలి దిగితేనా! నిన్నటి నుంచీ పలకలే కాలుస్తున్నా."

"మేకులు పీకావా?"

"ఆఁ, మేళతాళాలతో పీకా. చలికి వేళ్ళు వంగట్లేదు ఇక్కడ."

"అబ్బా! ఆ మడమ దగ్గర చూడవే. ఏదో గుచ్చుకుంది. హెస్టర్ అత్త గేటు దగ్గర్నించీ కుంటుకుంటూనే వచ్చా."

"అత్త ఇంటికి వెళ్ళావా?"

"నీకెందుకు? ఆవిడ గడప తొక్కనని ఒట్టేసుకున్నావుగా."

"అడిగినదానికి చెప్పు."

"చర్చి భోజనాల్లో నీ బీన్స్‌లో ఉప్పెక్కువైందని అందరి ముందూ..."

"డెల్మర్! ఎనభై రెండేళ్ళ మనిషి. ఒంటరి మనిషి. ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"చూశావా?"

"చూసినట్టే."

"చూసినట్టే అంటే?"

"దారంతా జారకుండా బూడిద చల్లి ఉంది, గేటు నుంచి గుమ్మం మెట్ల దాకా. తాజా బూడిద కనిపిస్తే లోపల మనిషి లేచి తిరుగుతున్నట్టే, తలుపు తట్టి ఇంట్లో వేడి బయటికి పోగొట్టొద్దు అని ఈ రోడ్డు వాళ్ళందరికీ చెప్పింది మీ నాన్నే కదా. రెండడుగులు లోపలికి వేశా, చూశా, వచ్చేశా."

"బూడిద కనిపించిందా?"

"ఏమయింది? ఎందుకలా అడుగుతున్నావు?"

"ఏం లేదు. ఎంత బూడిద ఉంది?"

"కొలిచానా ఏంటి!"

"ఒకసారి చల్లినట్టుందా? మళ్ళీ పైన ఇంకోసారి చల్లినట్టుందా?"

"బూడిద బూడిదలా ఉంది ఓలెటా! ఇదేం విచారణ?"

"పొగగొట్టంలోంచి పొగ వస్తోందా?"

"తలెత్తితే కదా! అడుగు మీదున్న కన్ను అడుగు మీదే పెట్టుకుని వచ్చా. కాస్త సూపు పొయ్యవే, పుణ్యముంటుంది."

"అదేంటి? ఆ చప్పుడు?"

"కొమ్మ విరిగింది. దారి పొడుగునా ఇదే గోల. కూర్చో."

"సరే. సరేలే. బాగానే ఉండి ఉంటుంది. మధ్యాహ్నం గంట కూడా కొట్టింది."

"ఏ గంట?"

"ఏ గంటేంటి! వెండెల్ మామని పొలంలోంచి భోజనానికి పిలిచే గంట. ఆయన పోయి పదకొండేళ్ళయినా పన్నెండు కొట్టేసరికి గేటు దాకా వచ్చి మోగిస్తుందిగా. ఇవాళా మోగించింది. అది విన్నాకే నా ప్రాణం కుదుటపడింది, లేకపోతేనా..."

"లేకపోతే?"

"ఏం లేదు. సూపు తాగు. చల్లారిపోతుంది."

"ఓలెటా, నిజంగా విన్నావా?"

"విన్నా. మూడు సార్లు. ఎప్పుడూ కొట్టినట్టే."

"ఆ గంట మోగదే."

"ఎందుకు మోగదు?"

"పడిపోబోయి ఆ గంట స్తంభమే పట్టుకుని నిలబడ్డాను కదా. గంట చుట్టూ పిడికిలి మందాన మంచు. లోపలి నాలుక గంటకే అతుక్కుపోయింది. తాడు కర్రలా బిగుసుకుంది. నేను గుంజినా కదల్లేదు, ఆవిడేం కొడుతుంది?"

"మరి నేను విన్నదేంటి?"

"కొమ్మల మీది మంచు రాలి ఉంటుంది. గాజులు పగిలినట్టే ఉంటుంది చప్పుడు."

"సరిగ్గా పన్నెండింటికా? సరిగ్గా మూడు సార్లా?"

"రోజూ వినే చెవులు. అలవాటు కొద్దీ విని ఉంటాయి. ఏయ్, కిటికీ దగ్గరికెందుకు పోతున్నావు? బూడిద ఉందని చెప్పానా లేదా?"

"చెప్పావు. చెప్పావులే."

"మరింకేం? ఆ పటకారు ఇలా ఇవ్వు, ఇదేదో పీకేస్తా. ఆఁ... ఆఁ... వచ్చింది. ఓరి నీ! ఎంతుందో చూడు, మేకు!"

"మేకా?"

"మేకే. అత్త వట్టి కట్టెలు తప్ప ఇంకేదీ పొయ్యిలో పెట్టదు కదా. మనం పాత పలకలిస్తామంటే కూడా వద్దంది. బూడిదలోకి మేకెలా వచ్చింది చెప్మా?"

"రోడ్డు మీద గుచ్చుకుందేమో. సరిగ్గా గుర్తు తెచ్చుకో డెల్మర్."

"రోడ్డు మీద కాదంటే. గేటు లోపల, బూడిద మీద కాలు వెయ్యగానే సర్రుమంది. ఇదిగో చూడు, నలుచదరపు మేకు. మా తాత కొట్టించిన రకం. ఇలాంటివి మన బ్యారన్‌లో తప్ప... నిన్నే! కోటెందుకు వేసుకుంటున్నావు?"

"నువ్వూ బూట్లు తొడుక్కో."

"ఇప్పుడా? ఇప్పుడే కదే ఊడదీశావు!"

"తొడుక్కోమంటుంటే! గొడ్డలి కూడా పట్టుకో. తలుపు గడియ వేసి ఉంది."

"నీకెలా తెలుసు?"

"పొద్దున తొమ్మిదింటికి వెళ్ళా."

"నువ్వా? ఆవిడింటికా?"

"ఒట్టూ గిట్టూ అంతా గాలికొదిలేసి వెళ్ళా. తలుపు కొట్టా. పలకలేదు. పిలిచా. పలకలేదు. ఇంకా నా మీద అలక తీరలేదనుకున్నా. 'ఉండు అలాగే, నాకేంటి' అని గుమ్మంలో నిలబడి అరిచి వచ్చేశా డెల్మర్. నీకు చెప్తే ఎగతాళి చేస్తావని చెప్పలేదు."

"ఆగాగు. ఆ జారుడులో నువ్వు గుమ్మం దాకా ఎలా వెళ్ళగలిగావు?"

"మన బూడిద బకెట్టు తీసుకెళ్ళా. ఆవిడ గేటు నుంచి అడుగడుక్కీ చల్లుకుంటూ వెళ్ళా."